అమీర్‌పేటలో అమ్మకానికి లేనిది

సనత్‌నగర్‌లో మోటార్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నా ఉద్యోగమంతా టెస్టింగ్ సెక్షన్‌లోనే గడిచింది. వైండింగ్ పూర్తయి వచ్చిన మోటారును బెంచి మీద బిగించడం, ఖాళీగా ఒకసారి, లోడు పెట్టి ఒకసారి తిప్పి రీడింగులు రాయడం, పాసో ఫెయిలో ముద్ర వేసి పంపడం మా పని. రిటైరయ్యాక ఎల్లారెడ్డిగూడలో మా ఇంటి మేడ మీది గదిలో మళ్లీ ఒక బెంచి పెట్టుకున్నాను. ఇప్పుడు దాని మీదికి వచ్చేవి యాభై గ్రాములు కూడా తూగని బ్రష్‌లెస్ మోటార్లు, మోడల్ విమానాలకూ డ్రోన్లకూ వాడేవి. తెచ్చేవాళ్లు ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు. 2021లో వికారాబాద్ జిల్లాలో డ్రోన్ల మీద మందులు పంపి చూసినప్పటి నుంచీ వీళ్ల రాక బాగా పెరిగింది.

అమీర్‌పేట సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ బోర్డుల మధ్యనే ప్రాజెక్టులు చేసిపెట్టే చోట్లు కూడా ఉన్నాయి. మోటారు, ప్రొపెల్లరు, ఫ్రేము, కోడు, బైండింగ్ చేసిన రిపోర్టు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు, డబ్బు పెడితే అన్నీ దొరుకుతాయి. రిపోర్టు చివర్లో టెస్ట్ రీడింగుల పట్టిక కూడా వేసే ఉంటుంది. ఆ పట్టిక ఎవరి మోటారుదో, ఏ బ్యాటరీ మీద తీసిందో, ఏ ఊరి గాలిలో తీసిందో అమ్మినవాడికీ తెలియదు. మీ మోటారు రీడింగు మాత్రం మీరు కొలిస్తేనే పుడుతుంది. ఎలా కొలవాలో నా దగ్గరికి వచ్చే పిల్లలకు విడివిడిగా చెబుతూ వచ్చినవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

1. మొదటిసారి ప్రొపెల్లరు లేకుండా తిప్పండి

కొత్త మోటారు చేతికి రాగానే పిల్లలు ముందు ప్రొపెల్లరు బిగిస్తారు. అది చివర చేయాల్సిన పని. ఉత్త షాఫ్టుతో తిప్పి కొన్ని సంగతులు చూసుకోవాలి. థ్రాటిల్ అడుగున ఉన్నప్పుడు మోటారు నిజంగా ఆగి ఉందా? ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే అది కూడా ఆగుతోందా? తిరిగే దిక్కు సరైనదేనా? కాకపోతే మూడు తీగల్లో ఏ రెండు మార్చినా సరిపోతుంది. బేరింగులో గరగర ఉందా? ఖాళీగా తిరిగేటప్పుడు ఎంత కరెంటు లాగుతోందో కూడా అప్పుడే రాసుకోండి. పిల్లలు ఎక్కువగా తెచ్చే ఏ2212, 1000 కేవీ మోటారు 10 వోల్టుల దగ్గర అర ఆంపియరుకు అటూ ఇటూగా తీసుకుంటుంది. అంతకు రెండింతలు లాగుతుంటే లోపల ఎక్కడో ఒరుసుకుంటోంది.

ప్రొపెల్లరు బిగించాక ఆట వేరు. పది అంగుళాల ప్రొపెల్లరు నిమిషానికి 7,000 చుట్లు తిరుగుతుంటే దాని కొస గంటకు 335 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రెక్క విరిగితే ముక్క పక్కలకు ఎగురుతుంది. అందుకే తిరిగే వలయానికి సూటిగా పక్కన ఎవరూ నిలబడకూడదు. చున్నీలు, వదులు చేతుల చొక్కాలు, మెడలో వేలాడే ఐడీ కార్డులు మరో ప్రమాదం. అమీర్‌పేటలో మెడలో ట్యాగు లేని కుర్రవాడు దొరకడం కష్టం కాబట్టి నా గది తలుపు దగ్గర ఒక మేకు కొట్టాను. ట్యాగులు దానికి తగిలించాకే లోపలికి రానిస్తాను.

2. కేవీ చూసి బలం అంచనా కట్టకండి

లోడు లేనప్పుడు ఒక వోల్టుకు మోటారు ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతుందో చెప్పే అంకె కేవీ. "సార్, ఇది 2200 కేవీ, బాగా పవర్ ఉంటుంది కదా" అని అడుగుతారు. టార్కు లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. 9.55ను కేవీతో భాగిస్తే ఒక ఆంపియరుకు ఎన్ని న్యూటన్ మీటర్ల టార్కు వస్తుందో తెలుస్తుంది. 1000 కేవీ మోటారుకు అది 0.00955. 500 కేవీ మోటారు అదే ఆంపియరుకు దానికి రెట్టింపు ఇస్తుంది. పెద్ద ప్రొపెల్లరును నెమ్మదిగా తిప్పాలంటే తక్కువ కేవీ, చిన్నదాన్ని జోరుగా తిప్పాలంటే ఎక్కువ కేవీ. పది అంగుళాల ప్రొపెల్లరును 2200 కేవీ మోటారుకు తగిలించి మూడు సెల్‌ల 3ఎస్ బ్యాటరీ పెడితే, మోటారు వేగాన్ని నడిపే ఈఎస్‌సీ నుంచి ముందు వాసన, తర్వాత పొగ వస్తాయి.

3. ప్రొపెల్లరుకూ వేగం హద్దు ఉంది

దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో ప్రొపెల్లర్లు చేసే ఏపీసీ కంపెనీ తన పలుచటి స్లో ఫ్లయర్ రకానికి ఒక సూత్రం ఇచ్చింది: 65,000ను అంగుళాల్లో వ్యాసంతో భాగిస్తే వచ్చేది గరిష్ఠ ఆర్‌పీఎం. పది అంగుళాలకు అది 6,500. ఇప్పుడు మన పిల్లల జోడీ చూడండి. ఏ2212 1000 కేవీ మోటారు, 3ఎస్ బ్యాటరీ, 10 అంగుళాల వ్యాసం, 4.5 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు సాగే దూరం) ఉన్న పలుచటి ప్లాస్టిక్ ప్రొపెల్లరు. పూర్తి థ్రాటిల్‌లో ఇది 7,000 దాటుతుంది. ఏపీసీ తన సరుకుకు పెట్టుకున్న హద్దునే దాటేశాం. గల్లీ దుకాణంలో సంచిలో దొరికే పేరు లేని ప్రొపెల్లరు మీద హద్దు ముద్రించనే ఉండదు. దుకాణాలను అడిగి లాభం లేదు. పూర్తి థ్రాటిల్ రీడింగును కొన్ని సెకన్లలో ముగించండి. బిగించే ముందు ప్రతిసారీ రెక్క మొదలును వేళ్ల మధ్య వంచి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. తెల్లటి గీత కనిపిస్తే చెత్తబుట్టలో వేయండి. ఫెవిక్విక్‌తో అతికించిన ప్రొపెల్లరును నా గదిలోకి రానివ్వను.

4. స్టాండు సగం పరీక్ష

మోటారును చెక్కదిమ్మకు బిగించి, దిమ్మను వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి, ప్రొపెల్లరు పైకి లాగుతుంటే ఎంత బరువు తగ్గిందో చూసి అదే థ్రస్ట్ అనుకోవడం అందరూ చేసేదే. అందులో ఒక దొంగ ఉన్నాడు. ప్రొపెల్లరు పైకి లాగుతోందంటే గాలిని కిందికి తోస్తోంది. ఆ గాలి దిమ్మ మీదా, కాటా పళ్లెం మీదా పడి కిందికి నొక్కుతుంది. అసలు థ్రస్ట్‌లోంచి ఆ నొక్కుడు తీసేసిన అంకె మీకు కనిపిస్తుంది. దిమ్మ ఎంత వెడల్పైతే అంత నష్టం.

దీన్ని తప్పించుకునే దారులు రెండు. ఒకటి, గాలి పైకి పోయేలా, బలం కిందికి పడేలా చేయడం. అందుకు ప్రొపెల్లరును తలకిందులుగా బిగించి, మోటారును ఎదురు దిక్కున తిప్పాలి. రెండూ చేయాలి. ప్రొపెల్లరును తిరగేసి మోటారు దిక్కు మార్చకపోతే గాలి ఇంకా కిందికే పోతుంది, పైగా రెక్క వెన్ను ముందుకు వచ్చి థ్రస్ట్ ఘోరంగా పడిపోతుంది. ఎదురు దిక్కున తిరిగేటప్పుడు నట్టు వదులయ్యే అవకాశం ఉంది, గట్టిగా బిగించండి.

నాకు నచ్చేది రెండో దారి, ఎల్ ఆకారపు చేయి. నిలువు కమ్మీ పైకొసన మోటారు, మూలలో బేరింగు మీద ఇరుసు, అడ్డ కమ్మీ కొస కాటా మీద. గాలి అడ్డంగా పోతుంది, కాటాకు తగలదు. ఇరుసు నుంచి మోటారు షాఫ్టుకు ఎంత దూరమో, కాటాను తాకే మొనకు అంతే దూరం ఉంటే కాటా చూపిందే థ్రస్ట్. దూరాలు వేరైతే ఆ నిష్పత్తితో గుణించుకోవాలి. ఇరుసుకు తలుపు కీలు వాడేవాళ్లున్నారు. కీలు పట్టేస్తుంది, చిన్న బరువులు కనిపించవు. రాణిగంజ్‌లో చిన్న బాల్ బేరింగులు రెండు కొంటే ఆ తగువు తీరుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో లోడ్ సెల్, దానికి హెచ్ఎక్స్711 బోర్డు దొరుకుతాయి. అవి ఉంటే రీడింగును నేరుగా కంప్యూటర్లోకి తీసుకోవచ్చు. కానీ స్టాండు ఊగుతుంటే లోడ్ సెల్ కూడా ఆ ఊపునే కొలుస్తుంది. నేను ముందు స్టాండును నేలకు బిగించమంటాను, ఆ తర్వాతే ఎలక్ట్రానిక్స్ గురించి అడగమంటాను.

ఇంకొకటి గది. హాస్టల్ గదుల్లో తలుపులు మూసి మోటారు తిప్పితే అరనిమిషంలో గదిలోని గాలంతా సుడి తిరిగి మళ్లీ ప్రొపెల్లరు ముందుకే వస్తుంది. రీడింగు మెల్లగా దిగజారుతుంటే బ్యాటరీ అయిపోతోందనుకుంటారు. కిటికీలూ తలుపులూ తెరవండి, సీలింగ్ ఫ్యాను ఆపండి, ప్రొపెల్లరు వెనక గోడ మీటరుకు దగ్గర లేకుండా చూడండి.

5. కాటాను నమ్మే ముందు కాటాను తూచండి

కిరాణా కొట్టువాడి కిలో రాయి మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. పావుగంట అడిగి తెచ్చుకోండి. అదీ కుదరకపోతే లీటరు నీళ్లు కొలిచి పోసిన సీసా ఉంది, నీళ్లు కిలో, ఖాళీ సీసా బరువు వేరుగా. 200, 500, 1,000 గ్రాముల దగ్గర చూడండి, మోటారు బిగించే చోటనే దారం, కప్పీతో లాగి చూడండి. బల్ల మీద సరిగ్గా తూగిన కాటా, కమ్మీ ద్వారా లాగినప్పుడు ముప్పై గ్రాములు మింగడం చాలాసార్లు చూశాను.

6. వోల్టేజీ రాయని థ్రస్ట్ రీడింగు ఒట్టి కబురు

3ఎస్ లైపో బ్యాటరీ నిండా ఛార్జ్ అయితే 12.6 వోల్టులు. పేరుకు 11.1. లోడు పడగానే ఇంకా కుంగుతుంది. అమ్మకపు పట్టికల్లోని ఘనమైన అంకెలు అప్పుడే ఛార్జర్ నుంచి తీసిన బ్యాటరీతో మొదటి సెకన్లలో పట్టినవే అయివుంటాయి. 12.6 దగ్గర చూసిన థ్రస్ట్ 11.1 దగ్గరికి వచ్చేసరికి ఐదో వంతు దాకా పడిపోవచ్చు. మీ విమానం ఎక్కువసేపు ఎగిరేది ఆ రెండో వోల్టేజీ దగ్గరే. అందుకని థ్రస్ట్ గడి పక్కన, మోటారు తిరుగుతుండగా చూసిన వోల్టేజీ గడి తప్పక ఉండాలి. ఆపాక చూసింది పనికిరాదు, లోడు తీయగానే బ్యాటరీ మళ్లీ పైకి లేస్తుంది.

కొందరు సీసీ కెమెరాలకు వాడే 12 వోల్టుల పవర్ సప్లై తెస్తారు. వోల్టేజీ నిలకడగా ఉంటుంది కాబట్టి రెండు ప్రొపెల్లర్లను పోల్చడానికి అది బాగుంటుంది. అయితే థ్రాటిల్‌ను ఒక్కసారిగా కిందికి లాగితే కొన్ని ఈఎస్‌సీలు మోటారును బ్రేకు వేసి, ఆ కరెంటును వెనక్కి తోస్తాయి. బ్యాటరీ దాన్ని పుచ్చుకుంటుంది, పవర్ సప్లై పుచ్చుకోలేదు. మెల్లగా దించండి.

ఒక్కో సెల్ 3.3 వోల్టులకు దిగితే పరీక్ష ఆపేయాలి. పని అయ్యాక సెల్‌కు 3.8 దగ్గర ఉంచి దాచాలి. ఉబ్బిన బ్యాటరీని హాస్టల్ మంచం కింద పెట్టి, పక్కన ఇంకొకటి రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకునేవాళ్లను నేను కోప్పడతాను. ఆ మంచం మీద ఇంకొకరి కొడుకు కూడా పడుకుంటాడు.

7. తీగలు పొడిగించాల్సి వస్తే మోటారు వైపు పొడిగించండి

వాట్ మీటరును బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య పెట్టాలి. అక్కడ పారేది డీసీ కాబట్టి మామూలు వాట్ మీటరు సరిపోతుంది. మోటారు వైపు మూడు తీగల్లో పారేది అలా కొలవడానికి లొంగదు. మల్టీమీటరులో 10 ఆంపియర్ల రేంజి ఉంది కదా అని దాంట్లోంచి పారించకండి, అది కొద్ది సెకన్లకే ఉద్దేశించింది. వాట్ మీటరు దూరంగా పెట్టుకోవాలని బ్యాటరీ తీగలను ఒక మీటరు పొడవుకు సాగదీస్తారు. ఈఎస్‌సీ కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతుంటుంది. పొడుగు తీగలోని ఇండక్టెన్స్ వల్ల తెంచిన ప్రతిసారీ వోల్టేజీ ఎగదన్ని ఈఎస్‌సీ ముందున్న కెపాసిటర్లను చంపుతుంది. అందుకే పొడిగింపు మోటారు వైపు చేయండి. బ్యాటరీ వైపే దూరం తప్పకపోతే ఈఎస్‌సీకి దగ్గరగా అదనపు కెపాసిటర్లు పెట్టండి.

8. టాకోమీటరుకు ట్యూబ్‌లైటు సాక్ష్యం

ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష, ఖర్చు లేనిది. వెలుతురు చూసి ఆర్‌పీఎం చెప్పే టాకోమీటరును రెండు రెక్కలకు సెట్ చేసి, పాత రకం చోక్ ఉన్న ట్యూబ్‌లైటు వైపు పట్టుకోండి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు. ట్యూబు సైకిల్‌కు రెండుసార్లు వెలుగుతుంది, సెకనుకు 100, నిమిషానికి 6,000. రెండు రెక్కల లెక్కన మీటరు 3,000 చూపాలి. చూపితే మీటరు మంచిదే. దాన్నే తిరగేసి చెప్పుకుంటే, ట్యూబ్‌లైటు కింద ప్రొపెల్లరు ఆర్‌పీఎం కొలవబోతే మీటరు ప్రొపెల్లరును వదిలేసి లైటును కొలిచే ప్రమాదం ఉంది. రీడింగు 3,000 దగ్గర కదలకుండా కూర్చుంటే అనుమానించండి. పగటి వెలుతురులో కొలవడం మేలు. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబులూ, ఎల్ఈడీలూ వచ్చాక ఈ పరీక్షకు పాత ట్యూబు వెతుక్కోవాల్సి వస్తోంది. నేనొకటి దాచిపెట్టాను.

9. ఒక్క అంగుళం

ప్రొపెల్లరు లాగే శక్తి ఆర్‌పీఎం మూడో ఘాతంతో, వ్యాసం ఐదో ఘాతంతో పెరుగుతుంది. థ్రస్ట్ ఆర్‌పీఎం వర్గంతో, వ్యాసం నాలుగో ఘాతంతో. ఇవి పాఠ్యపుస్తకంలో ఉన్నవే, పరీక్షలో రాసి వచ్చినవే. అయినా తొమ్మిది అంగుళాల బదులు పది వేస్తే ఏమవుతుందని అడిగితే "కొంచెం పెరుగుతుంది సార్" అంటారు. అదే ఆర్‌పీఎం నిలబెడితే థ్రస్ట్ సగం మేర పెరుగుతుంది, శక్తి మాత్రం దాదాపు 70 శాతం ఎక్కువ కావాలి. మోటారు అంత ఇవ్వలేక ఆర్‌పీఎం తగ్గించుకుంటుంది, కరెంటు పెంచుకుంటుంది. అందుకే ప్రొపెల్లరు మార్చిన రోజున బ్యాటరీ మార్చకండి, ఈఎస్‌సీ మార్చకండి. ఒక్కటే మార్చండి.

రీడింగులు పూర్తి థ్రాటిల్ దగ్గర మాత్రమే తీసుకుని వెళ్లిపోకండి. కింది నుంచి మెట్లుమెట్లుగా ఎక్కండి, అవే మెట్ల మీద దిగండి. థ్రస్ట్ సగానికి దిగితే కావాల్సిన శక్తి సగం కంటే చాలా దిగుతుంది, సిద్ధాంతం ప్రకారం సుమారు మూడో వంతుకు వస్తుంది. పైన చెప్పిన జోడీ 800 గ్రాములకు 140 వాట్ల దాకా తాగి, 400 గ్రాములకు 50 దగ్గర సరిపెట్టుకుంటుంది. వాట్‌కు ఎన్ని గ్రాములో గ్రాఫు గీస్తే, మీ విమానం ఎక్కడ ఎగిరితే ఎక్కువసేపు ఎగురుతుందో దాంట్లోనే కనబడుతుంది. అమ్మకపు పట్టికలో ఒక్క పూర్తి థ్రాటిల్ అంకెతో ఆ గ్రాఫు రాదు.

10. పది సెకన్లకు పాసైన మోటారు మూడు నిమిషాలకు ఫెయిలవుతుంది

ఫ్యాక్టరీలో మేం మోటారును వేడెక్కేదాకా నడిపాకే అంకెలు నమ్మేవాళ్లం. రాగి ఒక డిగ్రీ వేడెక్కితే రెసిస్టెన్స్ సుమారు 0.39 శాతం పెరుగుతుంది. అరవై డిగ్రీలు పెరిగితే దాదాపు నాలుగో వంతు. ఆ పెరిగిన రెసిస్టెన్సే మళ్లీ వేడి పుట్టిస్తుంది. లోపలి నియోడిమియం అయస్కాంతాల్లో మామూలు గ్రేడువి 80 డిగ్రీల దగ్గర నుంచి బలం కోల్పోవడం మొదలుపెడతాయి, చల్లారినా అంతా తిరిగి రాదు. ఒకసారి అలా కాలిన మోటారు చూడ్డానికి బాగానే ఉంటుంది. అదే వోల్టేజీకి ఖాళీగా ఎక్కువ ఆర్‌పీఎం తిరుగుతుంది కూడా. పిల్లలు సంతోషిస్తారు. అయస్కాంతం బలహీనపడితే కేవీ పెరుగుతుంది, టార్కు పోతుంది. మొదటి పాఠంలో ఖాళీ కరెంటు, దానితోపాటు ఖాళీ ఆర్‌పీఎం రాసి ఉంచుకుంటే ఈ రోగం ఇట్టే పట్టుకోవచ్చు.

బెంచి మీద మోటారుకు ప్రొపెల్లరు గాలి నేరుగా తగులుతుంది. విమానం థర్మాకోల్ ముక్కులో దూర్చాక అంత తగలదు. బెంచి మీద 60 డిగ్రీలున్నది విమానంలో ఇంకా పైకి పోతుంది.

11. హైదరాబాద్ గాలి పలుచన

మన ఊరు సముద్ర మట్టానికి అర కిలోమీటరు పైన ఉంది. విదేశీ పట్టికలు చాలావరకు సముద్ర మట్టపు ప్రామాణిక గాలికి, అంటే ఘనపు మీటరుకు 1.225 కిలోలకు లెక్కగట్టినవి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సుమారు 1.05. డిసెంబరు తెల్లవారుజామున 1.15 దాకా వస్తుంది. అదే ఆర్‌పీఎంలో థ్రస్ట్ కూడా అదే నిష్పత్తిలో మారుతుంది. మేలో ఏడో వంతు థ్రస్ట్ గాలిలో కలిసిపోయిందంటే దుకాణంవాడు మోసం చేశాడనుకోనక్కర్లేదు. పలుచటి గాలిలో ప్రొపెల్లరు తేలిక కాబట్టి ఆర్‌పీఎం కాస్త పెరిగి కొంత పూడ్చుతుంది, పూర్తిగా పూడ్చదు.

ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా పడే గొయ్యి ఒకటుంది. వాతావరణ సమాచారంలో పీడనం 1,008 అనో 1,012 అనో ఉంటుంది. దాన్ని తెచ్చి లెక్కలో వేస్తారు. అది సముద్ర మట్టానికి సరిచేసి చెప్పే పీడనం. ఇక్కడ నిజంగా ఉండేది 950 మిల్లీబార్ల చుట్టుపక్కల. కొన్ని ఫోన్లలో బారోమీటరు ఉంటుంది, అది చూపేది అసలు పీడనం. పక్కనే బేగంపేటలో వాతావరణ కేంద్రం ఉంది కాబట్టి ఉష్ణోగ్రతకు దాని రీడింగు తీసుకోవచ్చునని ఒక కుర్రవాడు అన్నాడు. రేకుల షెడ్డు కింద ఉన్న తన గదిలో ఎంత వేడి ఉందో థర్మామీటరు పెట్టి చూడమన్నాను.

12. బెంచి మీద గెలిచింది గాలిలో గెలవాలని లేదు

ఇక్కడ కొలిచేది నిలబడిన చోట థ్రస్ట్. విమానం ముందుకు పోతున్నకొద్దీ అది తగ్గుతుంది. ప్రొపెల్లరు గాలిని ఎంత వేగంతో కోసుకుపోగలదో ఒక ఉజ్జాయింపు ఉంది: పిచ్ అంగుళాలను ఆర్‌పీఎంతో, 0.001524తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. 4.5 పిచ్, 7,000 ఆర్‌పీఎం అయితే 48. ఆ వేగం దగ్గరికి వచ్చేసరికి లాగుడు దాదాపు మిగలదు. బెంచి మీద పెద్ద అంకె చూపించిందని ఈ ప్రొపెల్లరును వేగంగా పోవాల్సిన విమానానికి పెడితే అది లేస్తుంది, తర్వాత ముందుకు పోనని మొరాయిస్తుంది.

దీనికి ఎదురు కథ ఎక్కువ పిచ్ ప్రొపెల్లర్లది. వ్యాసంతో పోలిస్తే పిచ్ బాగా ఎక్కువైతే, నిలబడినచోట రెక్క గాలిని మరీ నిటారుగా ఎదుర్కొని స్టాల్ అవుతుంది. కరెంటు తాగుతుంది, థ్రస్ట్ చూపించదు, చప్పుడు మాత్రం చేస్తుంది. విమానం కదిలాక అదే రెక్క కుదురుకుంటుంది. బెంచి మీద దాన్ని ఫెయిల్ చేయడం అన్యాయం. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చిన్న ప్రొపెల్లర్లను విండ్ టన్నెల్లో పెట్టి నిలబడినప్పటివీ, గాలి వీస్తున్నప్పటివీ రెండు రకాల రీడింగులూ అందరికీ అందుబాటులో పెట్టింది. మీ బెంచి అంకె వాళ్లు నిలబడినప్పుడు తీసిన అంకెతో కలిస్తే, వాళ్ల గాలి అంకెలను ధైర్యంగా వాడుకోవచ్చు.

థ్రస్ట్ ఎంత ఉంటే చాలు అంటే, నేర్చుకునేవాళ్ల విమానానికి మొత్తం బరువులో సగానికి పైన, గిరికీలు కొట్టేదానికి బరువును మించి, నాలుగు మోటార్ల డ్రోన్‌కు నాలుగూ కలిపి బరువుకు రెట్టింపు. మే నెలలో, సగం దిగిన బ్యాటరీతో వచ్చే అంకెతో సరిచూసుకోండి.

13. చెవి

కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో కంట్రోల్ లైన్ విమానాలు తిప్పేవాళ్లం. మిథనాల్, ఆముదం కలిపిన ఇంధనం, గ్లో ఇంజను, నీడిల్ వాల్వు. అప్పుడు మీటర్లు లేవు, చప్పుడు విని వాల్వు తిప్పడమే. కరెంటు మోటార్లకూ అది పనికొస్తుంది. బ్యాలెన్స్ లేని ప్రొపెల్లరు ఒక ఆర్‌పీఎం దగ్గర బల్లనంతా గొణిగిస్తుంది. బరువైన రెక్క వెనక వైపు కాస్త గరుకు కాగితం రుద్దండి, లేదా తేలిక రెక్కకు టేపు ముక్క వేయండి. అక్షరాలున్న వైపు విమానం పోయే దిక్కుకు ఉందో లేదో కూడా చూసుకోండి. వెనకా ముందై బిగించిన ప్రొపెల్లరు కీచుమంటుంది, నేను మెట్ల మీద ఉండగానే పట్టేస్తాను.

14. తక్కువ వచ్చిన రీడింగే ఎక్కువ చెబుతుంది

ఒకే ఏడాది రెండు వేరు కాలేజీల రిపోర్టులు నా బల్ల మీదికి వచ్చాయి. రెండింటిలోనూ థ్రస్ట్ పట్టిక ఒక్కటే, దశాంశ స్థానాలతో సహా. ఒక బృందానిది నల్ల ప్రొపెల్లరు, ఇంకొకరిది నారింజ రంగుది, తయారీ వేరు. వాళ్లను నేనేమీ అనలేదు. డబ్బులిచ్చి కొన్న సరుకు, బిల్లు కూడా ఉంది.

కరీంనగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం తన ప్రాజెక్టుకు ఎండాకాలంలో నా బెంచి మీదే రీడింగులు తీసుకుంది. "సార్, నెట్‌లో 850 అని ఉంది, మనకు 690 వచ్చింది. ఏది రాయాలి?" అంది.

"నువ్వు ఏది కొలిచావమ్మా?"

"690. కానీ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తక్కువ అంటారేమో."

సరే, ఎందుకు తక్కువో వెతకమన్నాను. గదిలో 38 డిగ్రీలు, పీడనం 950. అక్కడికే 850 కాస్తా 740 దగ్గరికి దిగింది. లోడులో బ్యాటరీ 11 వోల్టులకు కుంగుతోంది. మిగిలిన తేడాలో చాలా భాగం దానిదే. కాటా తప్పు ఎంతో కప్పీ కట్టి చూసి అదీ రాసింది. చివరికి పట్టిక ఒక పేజీ, తేడాకు కారణాలు మూడు పేజీలు అయ్యాయి. వైవాలో ఆ మూడు పేజీల మీదే చాలాసేపు అడిగారట. మార్కులెన్నో నేను అడగలేదు.

పుస్తకంలో ప్రతి వరుసకూ ఉండాల్సినవి ఇవి: తేదీ, ఉష్ణోగ్రత, పీడనం, మోటారు, ప్రొపెల్లరు, తిరుగుతున్నప్పటి వోల్టేజీ, కరెంటు, ఆర్‌పీఎం, థ్రస్ట్, ఆపగానే మోటారు వేడి. ఒకే రీడింగును వేరువేరు రోజుల్లో మళ్లీ తీయండి. ఎంత చెదిరిందో అదీ రాయండి. సరిగ్గా ప్రతిసారీ ఒకే అంకె వచ్చే పట్టికను చూస్తే నాకు నమ్మకం కలగదు.

15. ఎగరేయడం ఎక్కడ, ఆ తర్వాత ఏం రాయాలి

అమీర్‌పేటలో, పంజాగుట్టలో మేడ మీద ఎగరేస్తామని అడగకండి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు ఆగాయి గానీ, రన్‌వే బతికే ఉంది. వీఐపీల విమానాలు, ఎయిర్‌ఫోర్స్ విమానాలు, శిక్షణ విమానాలు దిగుతూనే ఉంటాయి. వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగేదీ అక్కడే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలు గీసి ఉన్నాయి. ఎరుపులో, పసుపులో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. మ్యాపు చూసుకుని ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఆకుపచ్చగా ఉన్న ఖాళీ నేల వెతుక్కోండి. మధ్యాహ్నపు గాలి లేవకముందే వెళ్లండి.

ఎగరేసి వచ్చాక టెస్టింగ్ ఇంకొక్కటి మిగిలి ఉంటుంది, దానికి విమానం మీద ఏ మీటరూ అక్కర్లేదు. నింపి తీసుకెళ్లిన బ్యాటరీని ఇంటికొచ్చి మళ్లీ నింపండి. ఛార్జర్ ఎన్ని మిల్లీ ఆంపియర్ గంటలు లోపలికి పంపిందో చూపుతుంది. ఎనిమిది నిమిషాలు ఎగిరిన బ్యాటరీ 1,300 తీసుకుందనుకోండి. 1.3ను ఎనిమిది నిమిషాలతో భాగించి గంటలకు మార్చితే సగటున 9.75 ఆంపియర్లు. బెంచి పట్టికలో ఆ కరెంటు దగ్గర థ్రస్ట్ ఎంతో వెతకండి. మీ విమానం సాఫీగా ఎగరడానికి కావాల్సిందని మీరు అనుకున్న థ్రస్ట్ కంటే అది చాలా ఎక్కువగా ఉంటే రెక్కల దగ్గరో, బరువు దగ్గరో, ప్రొపెల్లరు పిచ్ దగ్గరో తేడా ఉంది. మర్నాడు ప్రొపెల్లరు విప్పి, మోటారుతో సహా తీసుకురండి. మధ్యాహ్నం మూడు తర్వాత నేను గదిలోనే ఉంటాను.